ఎసట్లో పోసే ముందు

కోవిల్‌పట్టికి కాస్త దూరంలో, నల్లరేగడి చేల నడుమ ఒక పల్లె. మధ్యాహ్నం పూట ఒక అవ్వ ఇంటి అరుగు మీద కూర్చున్నాను. ఆమె ఒళ్లో చాట, చాటలో మినుములు. మాట్లాడుతూనే రాళ్లు ఏరి పక్కన పడేస్తోంది. పక్క వీధిలో ఎక్కడో కుక్కర్ కూసింది. కాసేపటికి ఇంకోటి. అవ్వ చేయి ఆగింది. ఎదురింటి వైపు చెవి ఒగ్గి ఒక్క నిమిషం అలాగే ఉండిపోయింది. తర్వాత చాట పక్కన పెట్టి లోపలికి వెళ్లింది. గిన్నెలో అన్నం పెట్టి, పైన పులుసు పోసి, కొంగు కప్పుకుని వీధి దాటింది. ఆ ఇంటి తలుపు తోసుకుని లోపలికి పోయి, రెండు నిమిషాల్లో వట్టి చేతులతో తిరిగొచ్చి మళ్లీ చాట ముందు కూర్చుంది.

"ఏమవ్వా?" అన్నాను.

"ఈపొద్దు వాళ్లింట్లో విజిల్ రాలేదు సామీ" అంది.

ఆ ఇంట్లో ఎవరుంటారో, ఎందుకు వండుకోలేదో ఆమె చెప్పలేదు. నాకూ అడగబుద్ధి కాలేదు. ఆమె వేళ్లు మళ్లీ మినుముల్లో పడ్డాయి.

వండుకోవడానికి ఏమీ లేని ఇంటిని చూసి మనవాళ్లు 'ఆ ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవలేదు' అంటారు. రాత్రి బూడిద వెచ్చన చూసుకుని పడుకున్న పిల్లి, తెల్లారి పొయ్యి రాజేసేవాళ్లు లేక అక్కడే ముడుచుకుని ఉండిపోయిందన్న మాట. ఆ సామెతను పుట్టించినవాళ్లు ఆకలిని పక్కనే నిలబడి చూసినవాళ్లయి ఉంటారు. కట్టెల పొయ్యి రోజుల్లో ఏ కప్పు మీద పొగ లేవలేదో వీధి వీధంతటికీ తెలిసేది. ఇప్పుడు గ్యాసు వచ్చింది. ఆడవాళ్ల కళ్లూ ఊపిరితిత్తులూ బతికాయి, అది మంచి మార్పు. అయితే పొగతోపాటు ఆ ఆనవాలు కూడా పోయింది. ఇవాళ లేమి ఉతికిన చొక్కా వేసుకుని, చేతిలో ఫోను పట్టుకుని మన పక్క నుంచే నడిచిపోతుంది. లోపల ఎసరు పెట్టలేదన్న సంగతి గోడకు ఇవతల ఉన్నవాళ్లకు అందదు. పొగ లేని కాలంలో అవ్వ కుక్కర్ కూతను పట్టుకుంది. పేదరికాన్ని అర్థం చేసుకోవడం గురించి నేను చదివిన చాలా పేజీల కంటే, ఎదురింటి వైపు ఒగ్గిన ఆ చెవి నాకు ఎక్కువ నేర్పింది.

నేను ఆ ప్రాంతానికి వెళ్లింది కి. రాజనారాయణన్ ఊరు చూద్దామని. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో ఒక తెలుగు రైతు కుటుంబంలో పుట్టి, బడి చదువు పెద్దగా లేకుండానే తమిళ కథకు ఈ మట్టి మాటను ఇచ్చినవాడు. 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నాడు, 2021లో కన్నుమూశాడు. తెలుగు నేల విడిచి మూటాముల్లెతో దక్షిణానికి నడిచి వచ్చిన కుటుంబాలు ఈ చేలను ఎలా సాగులోకి తెచ్చాయో 1976లో వచ్చిన 'గోపల్ల గ్రామం' నవలలో చెప్పాడు. ఆ కుటుంబాల మునిమనవలు ఇప్పటికీ ఇళ్లలో తెలుగే మాట్లాడుతున్నారు. నా చెవికి అది కొంచెం పాతగా, కొంచెం తమిళంగా వినిపించింది. కానీ పిలుపు మాత్రం సొంత మనిషి పిలిచినట్టే ఉంది.

విరుదునగర్ నుంచి సాత్తూరు మీదుగా కోవిల్‌పట్టి దాకా యాభై కిలోమీటర్లు, రోడ్డుకు రెండు వైపులా ఇదే నేల. తమిళంలో కరిసల్ అంటారు, మన నల్లరేగడే. కాలువ నీరు లేదు. ఆశ్వయుజ కార్తికాల్లో పడే ఈశాన్య రుతుపవనాల వానే ఆధారం. ఆ నాలుగు వానలూ సమయానికి పడితే పత్తి, జొన్న, సజ్జ, మినుము, పెసర. పడకపోతే సీమతుమ్మ నరికి బొగ్గు కాల్చుకోవాలి, లేదా కూలికి పోవాలి. ఈ పల్లెల్లో పొలం ఉన్న నాయుళ్లూ రెడ్లూ తెలుగే మాట్లాడారు. ఆ పొలాల్లో కూలి చేసి, ఊరి వీధులు ఊడ్చి, చెప్పులు కుట్టిన అరుంధతీయులూ తెలుగే మాట్లాడారు. భాష ఒకటే, బతుకు వేరు. 2009లో తమిళనాడు ప్రభుత్వం షెడ్యూల్డు కులాల రిజర్వేషన్‌లో అరుంధతీయులకు 3 శాతం ఉపకోటా ఇచ్చింది. అది ఎవరో పెట్టిన అన్నం లాంటిది కాదు, చాలా ఆలస్యంగా దక్కిన వాటా. లేని వాళ్ల గురించి ఆలోచించేటప్పుడు ఈ రెంటినీ నేను విడివిడిగా గుర్తుపెట్టుకుంటాను. ఈ పూట ఆకలికి అన్నం కావాలి. తరతరాల లేమికి వాటా కావాలి. ఒకటి పెట్టాం కదా అని రెండోది మరిచిపోవడం మనలో చాలామందికి అలవాటు.

ఆ ఎండిన నేలే ఈ ప్రాంతానికి ఇంకో పని తెచ్చిపెట్టింది. 1920లలో శివకాశికి చెందిన అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్లి అగ్గిపెట్టెల తయారీ నేర్చుకుని వచ్చారు. మందు పూసిన పుల్లలు ఆరడానికి ఎండ కావాలి, గాలిలో తేమ ఉండకూడదు. రెండూ ఇక్కడ సమృద్ధి. వాన లేక చేను ఎండితే కూలికి వచ్చే చేతులూ సమృద్ధి. శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి చుట్టూ దేశానికంతటికీ అగ్గి ఇచ్చే పరిశ్రమ అలా పెరిగింది. ఎన్నో ఇళ్లకు అన్నం పెట్టింది. ఆ అన్నంలో చాలా ఏళ్లపాటు పిల్లల చెమట కూడా కలిసింది. 1970లు, 80లలో ఇంకా చీకటి ఉండగానే బస్సులు ఊళ్లలోకి వచ్చి, నిద్ర కళ్లతో ఉన్న పిల్లలను ఎక్కించుకుని పోయేవి. చట్రాల్లో పుల్లలు పేర్చడానికి చిన్న వేళ్లు చురుగ్గా కదులుతాయని అప్పట్లో అనేవారు. 1986లో బాలకార్మిక నిషేధ చట్టం వచ్చింది. శివకాశి పిల్లల తరఫున ఎం.సి. మెహతా వేసిన కేసులో 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చట్టానికి విరుద్ధంగా పనిలో పెట్టుకున్న ఒక్కో బిడ్డకు యజమాని రూ.20,000 సంక్షేమ నిధికి కట్టాలంది. ఆ బిడ్డ ఇంట్లో పెద్దవాళ్లకు పని చూపే బాధ్యతను ప్రభుత్వానికి గుర్తుచేసింది. బిడ్డను పనిలోంచి తప్పిస్తే చాలదని, ఆ బిడ్డ తెచ్చే కూలి మీద ఉడికే ఎసరు సంగతి కూడా చూడాలని ఆ తీర్పుకు తెలుసు.

ఇంకో లెక్క నన్ను తగులుకుని వదలడం లేదు. 2007 నుంచి 2021 దాకా, పద్నాలుగేళ్లు, అగ్గిపెట్టె ధర రూపాయే. 2021 డిసెంబరు 1న రెండు రూపాయలైంది. ఆ పద్నాలుగేళ్లలో బియ్యం, నూనె, బస్సు టికెట్టు ఎంత పెరిగాయో అందరికీ తెలుసు. నేను రోజూ సాయంత్రం దేవుడి ముందు దీపం పెట్టింది ఆ రూపాయి అగ్గిపెట్టెతోనే. ఆ పుల్లను చట్రంలో పేర్చిన చేయి ఎవరిదో, ఆ చేతికి దక్కింది ఎంతో ఒక్కసారైనా ఆలోచించలేదు. చౌకగా దొరికిందని సంతోషించిన ప్రతిసారీ, ఆ చౌక ఎవరి కంచంలోంచి వచ్చిందన్న ప్రశ్న పక్కనే ఉంది. పేదవాళ్లు ఎక్కడో ఉంటారని, మనం ఇక్కడ ఉన్నామని అనుకుంటాం. నిజానికి వాళ్ల చేయీ మన చేయీ రోజూ ఒక అగ్గిపెట్టె మీద కలుసుకుంటున్నాయి.

రాజనారాయణన్ చిన్ననాటి స్నేహితుడు కు. అళగిరిసామిదీ ఇడైసెవలే. 1923లో పుట్టి, 1970లో యాభై నిండకుండానే వెళ్లిపోయిన కథకుడు. ఆయన రాసిన 'రాజా వందిరుక్కిఱార్' కథను ఈ ప్రయాణంలో మళ్లీ మళ్లీ తలుచుకున్నాను. కథ దీపావళి ముందు రోజుది. ఊళ్లో కలిగినవాళ్ల అబ్బాయి తమ ఇంటికి రాజా, అంటే జమీందారైన వాళ్ల బావ, పండక్కి వచ్చాడని గొప్పలు పోతుంటాడు. పక్కనే ఒక పేద ఇల్లు. తల్లి తాయమ్మాళ్, ముగ్గురు పిల్లలు. ఆమె ఎలాగో కూడబెట్టి పిల్లలకు కొత్త బట్టలు కొంది, భర్తకు ఒక తువ్వాలు కొని దాచింది. ఆ వాన రాత్రి, ఒంటి మీద సరైన బట్ట కూడా లేని ఒక అనాథ పిల్లవాడు వాళ్ల ఇంటికి చేరతాడు. తల్లి వాడికి ఇంత తిండి పెడుతుంది. తెల్లారి తన పిల్లలతోపాటు వాడికీ తలంటి పోస్తుంది. పండగ పూట కట్టుకోవడానికి వాడికి మాత్రం బట్ట లేదు. ఆమె తటపటాయిస్తుంటే, నాన్న తువ్వాలు వీడికిచ్చేయమ్మా అని కూతురే దారి చూపిస్తుంది. ఆ పిల్లవాడి పేరు రాజా. తర్వాత ఆ పాప పక్కింటి అబ్బాయి దగ్గరికి వెళ్లి, మా ఇంటికీ రాజా వచ్చాడని చెబుతుంది.

ఆ ఇంట్లో మిగులు అన్నది ఎక్కడా లేదు. ఇచ్చిన తువ్వాలు ఒకరి కోసం దాచిపెట్టింది. తల్లి కూడా వెంటనే ఇవ్వలేకపోయింది. ఆమె మనసు ఒక్క క్షణం వెనక్కి లాగింది, అళగిరిసామి ఆ క్షణాన్ని దాచలేదు. అందుకే ఆ కథను నేను నమ్ముతాను. ఇవ్వడం తేలికైన పనని చెప్పే కథలు విని మనం చాలాసార్లు చేతులు ముడుచుకున్నాం. మనకు అంత తేలిగ్గా రావడం లేదు కాబట్టి మనం దాతలం కామనుకున్నాం. తటపటాయించిన తర్వాత ఇచ్చినా అది ఇవ్వడమే.

ఆ తువ్వాలు ఆకలి తీర్చేది కాదు, చలి ఆపేదీ కాదు. దాని వల్ల పండగనాడు ఆ పిల్లవాడు నలుగురు పిల్లల్లో నిలబడగలిగాడు. 1776లో ఆడం స్మిత్ తన అర్థశాస్త్ర గ్రంథంలో నార చొక్కా గురించి ఒక సంగతి చెప్పాడు. ప్రాచీన గ్రీకులు, రోమన్లు అది లేకుండానే హాయిగా బతికారు. తన కాలపు యూరపులో మాత్రం రోజుకూలీ అయినా ఆ చొక్కా లేకుండా నలుగురిలోకి రావడానికి సిగ్గుపడతాడు, కాబట్టి అది అవసరమే అన్నాడు. బెంగాల్ కరువును చిన్నతనంలో కళ్లారా చూసిన అమర్త్య సేన్ తర్వాత ఆ చొక్కానే పట్టుకుని, తల వంచుకోకుండా నలుగురిలోకి రాగలగడం పేదరికపు లెక్కలో ఉండాల్సిన విషయమని వాదించాడు. ఇడైసెవల్ కథకుడి తువ్వాలూ ఆ నార చొక్కా లాంటిదే. లేమిలో ఎక్కువగా నొప్పించేది కడుపొక్కటే కాదని ముగ్గురూ గుర్తించారు.

ఇది నాకు ఆలస్యంగా అర్థమైంది. కొన్నేళ్ల కిందట చలికాలంలో మేం కొందరం కలిసి ఒక వాడలో దుప్పట్లు పంచాం. మనసు మంచిదే. వరసలో నిలబెట్టి, ఒక్కొక్కరికీ ఇస్తూ ఫోటోలు తీసుకున్నాం. ఇంటికొచ్చి ఆ ఫోటోలు చూస్తుంటే ఒకదాని దగ్గర చూపు ఆగిపోయింది. ఒకావిడ దుప్పటి అందుకుంటూ ముఖం పూర్తిగా అవతలికి తిప్పేసుకుంది. ఆమె చేయి మా వైపు ఉంది, ముఖం మాత్రం గోడ వైపు. మేమందరం నవ్వుతున్నాం. దుప్పటి ఆమె చలిని ఆపి ఉంటుంది. దాని వెల మాత్రం ఆమె ముఖంతో కట్టింది. ఆ ఫోటో ఇప్పటికీ నా దగ్గరే ఉంది, ఎవరికీ చూపించలేదు. అవ్వ గిన్నె మీద కొంగు కప్పుకుని వీధి దాటినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ ముఖమే.

కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ వచ్చాను. మిరపకాయలు, పప్పులు, నూనెల వ్యాపారంతో నిండిన ఊరు. ఒకప్పుడు దీని పేరు విరుదుపట్టి. గుడిలోకి అడుగు పెట్టనివ్వని రోజుల్లో ఇక్కడి నాడార్లు తమ సరుకుల మీద తామే 'మగమై' అని కొంత వేసుకుని ఉమ్మడి నిధి చేసుకున్నారు. బావులు తవ్వించుకున్నారు, బడులు పెట్టుకున్నారు. అలా పెట్టుకున్న క్షత్రియ విద్యాశాలలో ఫీజు లేదు. బడి నడపడానికి ఇంటింటి నుంచి పిడికెడు బియ్యం తీసుకునేవాళ్లు. దాన్ని 'పిడి అరిసి' అన్నారు. ఆ బియ్యంతో నడిచిన బడిలో చదివిన పిల్లల్లో 1903లో ఇదే ఊళ్లో పుట్టిన కామరాజ్ ఒకడు. ఆరేళ్లకే తండ్రి పోయాడు. చదువు మధ్యలోనే ఆపి మేనమామ బట్టల కొట్లో పనికి కుదిరాడు.

ఆ కుర్రవాడే 1954లో మద్రాసు ముఖ్యమంత్రి అయ్యాడు. మేకలు కాసే ఒక పిల్లవాణ్ని బడికెందుకు పోలేదని అతను అడిగితే, పోతే అన్నం ఎవరు పెడతారని వాడు ఎదురు ప్రశ్న వేశాడని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. బడిలో అన్నం పెట్టాలన్న ఆలోచన అంతకుముందే ఉంది. 1920లో మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉన్న తెలుగువాడు పిట్టి త్యాగరాయ చెట్టి థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకు ఫలహారం పెట్టించాడు. కొన్నేళ్లకు అది ఆగిపోయింది. కామరాజ్ దాన్ని రాష్ట్రమంతటికీ విస్తరించాలనుకున్నాడు. కోవిల్‌పట్టి పక్కనే ఉన్న ఎట్టయపురంలో, 1950లలో, మధ్యాహ్న భోజనం మొదలైంది. తొలినాళ్లలో ఖర్చులో కొంత భాగాన్ని ఊరి జనమే చందాలుగా, ధాన్యంగా భరించారు. 1982లో ఎం.జి.ఆర్. ఆ పథకాన్ని పెద్దది చేశాడు. 2001 నవంబరులో సుప్రీంకోర్టు దేశంలోని ప్రభుత్వ ప్రాథమిక బడులన్నిటిలో వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది. గోదావరి లంకల్లో ఆకలితో వచ్చినవాళ్లకు వేళాపాళా చూడకుండా వండి పెట్టి, 1909లో కన్నుమూసిన డొక్కా సీతమ్మ పేరే ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ బడి భోజనానికి ఉంది.

విరుదునగర్ వీధుల్లో నడుస్తూ ఆ పిడికెడు బియ్యం గురించే ఆలోచించాను. పిడికెడు తీస్తే ఏ ఇల్లూ పస్తుండదు. అందుకే పేద ఇల్లు కూడా ఇవ్వగలిగింది. కామరాజ్ లాంటి పిల్లల ఇళ్లు కూడా ఇచ్చినవాళ్లలోనే ఉన్నాయి, పుచ్చుకున్నవాళ్లలోనే ఉన్నాయి. బియ్యమంతా ఒక కుండలో పడ్డాక ఏది ఎవరిదో తెలియదు. ఫలానా వారి దయతో చదువుకున్నానని ఏ పిల్లవాడూ ముఖం తిప్పుకోనక్కర్లేదు. తినగా మిగిలింది ఇస్తే అది కడిగే గిన్నెలోది. పిడి అరిసి మాత్రం ఎసట్లో పోయకముందే తీసింది. ఇంటివాళ్ల వాటాకంటే ముందు బడి వాటా లెక్కకు వచ్చింది.

సాయం చేయాలన్న ప్రేరణ ఎక్కడి నుంచి వస్తుందని చాలామంది అడుగుతారు. ఒక మహానుభావుడి జీవితం చదివినప్పుడో, గుండె కలచివేసే ఫోటో చూసినప్పుడో మనసు కరుగుతుంది. అది వానాకాలపు వాగు లాంటిది, ఉరికి వచ్చి ఎండిపోతుంది. కరిసల్ రైతుకు తెలుసు, అక్కరకొచ్చేది నల్లమట్టి లోపల దాచుకున్న తేమ. పైన పగుళ్లు వేసినా, లోపలి తేమ మీదే పత్తి చెట్టు నిలబడుతుంది. పిడికెడు తీసిపెట్టే అలవాటు అలాంటిది. మనసు బాగున్న రోజూ తీస్తాం, బాగాలేని రోజూ తీస్తాం. నెల జీతం చేతికి రాగానే, ఇంటి ఖర్చు రాసుకునే కాగితంలో మొదటి గీత మీద ఆ పిడికెడు రాసుకోవచ్చు. ఇంట్లో పనిచేసే మనిషి బిడ్డ బడి మానకుండా చూడవచ్చు. ఆమె అడిగేదాకా ఆగకుండా ఏటా జీతం పెంచవచ్చు. కూరగాయల బండి దగ్గర బేరం మానేయవచ్చు. ఇవేవీ ఫోటోకు పనికొచ్చేవి కావు. వాటితోపాటు, తరతరాల వాటా అడుగుతున్నవాళ్ల పక్షాన ఓటుతో, మాటతో నిలబడటం కూడా మన పనే.

అన్నిటికంటే ముందు చెవి కావాలి. మా అపార్ట్‌మెంట్‌లో నా అంతస్తులో నాలుగు తలుపులున్నాయి. ఏ తలుపు వెనక ఎవరికి ఉద్యోగం పోయిందో, ఏ ముసలాయన రాత్రి మందు బిళ్ల సగం విరిచి వేసుకుంటున్నాడో నాకు తెలియదని, ఆ అరుగు మీద కూర్చున్నప్పుడు గుర్తొచ్చింది.

అవ్వ దగ్గర సెలవు తీసుకునేటప్పుడు ఒక మాట అడిగాను. "వాళ్లింట్లో విజిల్ వస్తుందో రాదో ముందే తెలియదు కదా అవ్వా. మరి ఆ అన్నం ఎట్లా ఉండింది నీ దగ్గర?"

ఆమె నా వైపు చూసింది. ఇది కూడా అడగాలా అన్నట్టుంది ఆ చూపు.

"ఎసట్లో పోసేటప్పుడే ఒక పిడికెడు ఎక్కువ పోస్తా సామీ. విజిల్ వస్తే రేత్రికి మాకే అవుతుంది."